రంగు చూస్తే రోజులు తెలియాలి

ముందు ఒక చిన్న పని చెయ్యండి. ఫోన్ ఎలాగూ చేతిలోనే ఉంటుంది కదా, క్యాలెండర్ తెరిచి ఈ వారం ఎలా ఉందో చూడండి. రంగురంగుల పట్టీలు కనిపిస్తున్నాయా? ఆఫీసు మీటింగులు నీలం, ఇంటి పనులు ఆకుపచ్చ, పిల్లల స్కూలు సంగతులు ఊదా, బ్యాంకు ఈఎంఐ ఎరుపు. చాలామంది ఇలాగే పెట్టుకుంటారు, చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. ఇప్పుడు చెప్పండి. వీటిలో దేనికి గడువు దగ్గరపడింది? దేన్ని ఇవాళ ముట్టుకోకపోతే కొంప మునుగుతుంది? రంగు చూసి చెప్పలేరు. ఒక్కోదాని మీద వేలు పెట్టి, తేదీ చదివి, వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకోవాల్సిందే.

మీటింగు ఆఫీసుదని మీకు తెలుసు. ఫీజు పిల్లాడి స్కూలుదనీ తెలుసు. తెలిసిన సంగతినే మళ్లీ చెప్పడానికి అంత మంచి రంగుని ఖర్చుపెట్టడం ఎందుకండీ? మనం మరిచిపోయేది పని పేరు కాదు, ఇంకెన్ని రోజులున్నాయన్నది. రంగు చెప్పాల్సింది అదే. ఈ ఒక్క మాట పట్టుకునే ఇవాళ్టి కబుర్లన్నీ.

గూగుల్ క్యాలెండర్ 2006లో వచ్చింది. అందులో ఈవెంటుకి వెయ్యడానికి మామూలుగా కనిపించే రంగులు 11. వాటికి పేర్లు కూడా పెట్టారు. టొమాటో, టాంజరిన్, బనానా, బేసిల్, పీకాక్, ఫ్లెమింగో, ఇలా. పేర్లు చదువుతుంటే సంతకి వెళ్లినంత హుషారుగా ఉంటుంది. అయితే ఆ రంగు మీరు చేత్తో వేసింది. ఒకటో తారీఖున బనానా వేస్తే పంతొమ్మిదో తారీఖున కూడా అది బనానాయే. పైగా రోజు దాటిపోయిన ఈవెంటు వెలిసిపోయి కనిపిస్తుంది. పెళ్లికో సినిమాకో అది సరిపోతుంది, అయిపోయింది కాబట్టి. గడువున్న పనికి మాత్రం అది పూర్తిగా తిరగబడ్డ పద్ధతి. చెయ్యకుండా రోజు దాటిపోయిన పని వెలిసిపోకూడదు, మరింత గట్టిగా కనిపించాలి. అందుకే ఎప్పుడు ఎవరింటికి వెళ్లాలన్నది క్యాలెండర్లో పెట్టుకుని, గడువుల్ని వేరేచోట పెట్టుకోమంటాను నేను.

ఈ మాట ఇంత గట్టిగా అనడానికి కారణం నా వృత్తి. నేను కూర్చునేది విజయవాడ వన్‌టౌన్‌లో, చుట్టూ హోల్‌సేల్ దుకాణాలు. వ్యాపారుల లెక్కలు చూడడం, వాళ్ల తరఫున పన్ను రిటర్నులు వెయ్యడం మా పని. మాకు నెల అంటే అమావాస్య, పౌర్ణమి కాదు. 7న టీడీఎస్ కట్టాలి. 11న జీఎస్టీఆర్-1, అంటే అమ్మకాల లెక్క. మూడు నెలలకోసారి వేసేవాళ్లకి అది 13. 15న పీఎఫ్, ఈఎస్ఐ. జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి వచ్చాయంటే అదే 15న అడ్వాన్స్ టాక్స్ కూడా. 20న జీఎస్టీఆర్-3బి, అంటే పన్ను కట్టి వేసే రిటర్ను. మూడు నెలల పద్ధతిలో ఉన్న ఆంధ్ర, తెలంగాణ వ్యాపారులకి అది 22. ఆ పద్ధతిలోనే, రిటర్ను లేని నెలల్లో చలాను మటుకు కట్టడానికి 25. ఒక పార్టీకి, అంటే మా దగ్గరికొచ్చే ఒక వ్యాపారికి, ఇన్ని. మా పార్టీలన్నిటికీ ఇవే తేదీలు. 3బి ఆలస్యమైతే రోజుకి 50 రూపాయలు, వ్యాపారం ఏమీ జరగని నెలకైనా 20 రూపాయలు లేట్ ఫీజు. కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం లెక్కన వడ్డీ అదనం. అది వ్యాపారి జేబులోంచి పోతుంది, మన మీద ఆయన పెట్టుకున్న నమ్మకం దాంతోపాటే పోతుంది. రెండోది ఏ చలానుతోనూ కట్టలేం.

ఇప్పుడు మీకొక సంభాషణ వినిపిస్తాను. స్టీలు సామాన్ల హోల్‌సేల్ వ్యాపారి ఒకాయన ఉన్నారు. పెద్దమనిషి, మాటంటే మాటే. పదిహేనో తారీఖు పొద్దున ఆయనకి ఫోన్ చేస్తే ఇలా నడుస్తుంది.

“బాబాయ్ గారూ, పర్చేజ్ బిల్లులు ఇంకా రాలేదండీ.”

“ఇరవై దాకా టైముందిగా అమ్మా! తొందరేముంది?”

“ఉందనుకోండి. కానీ సరిచూసుకోవాలిగా.”

“పంతొమ్మిదిన కుర్రాడితో పంపించేస్తాను. ఇరవైన వేసేద్దువుగాని తల్లీ.”

ఆయన అన్నదాంట్లో అబద్ధం ఏమీ లేదు. ప్రభుత్వం చెప్పిన తేదీ ఇరవయ్యే. కానీ పంతొమ్మిది సాయంత్రం బిల్లుల సంచీ మా టేబుల్ మీదకొచ్చిందనుకోండి. 14న పోర్టల్లో జీఎస్టీఆర్-2బి అని ఒక పట్టిక తయారవుతుంది. ఈయనకి సరుకు అమ్మినవాళ్లు ఎవరెవరు తమ అమ్మకాల్లో ఈయన బిల్లు చూపించారో అందులో ఉంటుంది. ఆ పట్టికనీ, సంచీలో బిల్లుల్నీ ఒక్కొక్కటిగా కలుపుకుంటూ పోవాలి. ఢిల్లీ వజీర్‌పూర్ నుంచి సరుకు పంపినవాళ్లు తమ రిటర్ను 11లోపు వెయ్యలేదనుకోండి, ఆ బిల్లు ఈ నెల పట్టికలో ఉండదు. దాని ఇన్‌పుట్, అంటే ఆ కొనుగోలు మీద కట్టిన పన్నుకి దక్కే తగ్గింపు, వచ్చే నెలకి పోతుంది. అంటే ఈ నెల ఆ మేరకి బాబాయ్ గారు చేతి డబ్బు పెట్టి పన్ను కట్టాలి. అంత డబ్బు సర్దుకోవడానికి ఆయనకైనా రెండు రోజులు కావాలి కదా! అంతా అయ్యాక రిటర్ను వెయ్యబోతే ఓటీపీ ఆయన ఫోన్‌కి వెళుతుంది. ఆ సమయానికి ఆయన ఏ పెళ్లిలోనో భోజనాల బంతిలో ఉంటారు, ఫోన్ మనవడి చేతిలో ఉంటుంది.

కాబట్టి ఇరవై అన్నది పని ముగిసే తేదీ. అది ప్రభుత్వానికి కావాల్సిన తేదీ. నాకు కావాల్సింది పని మొదలవ్వాల్సిన తేదీ. చాలా యాప్‌లు అడిగేది ముగిసే తేదీనే, రంగు మారేదీ దాన్ని బట్టే. ట్రెల్లో అనే యాప్ చూడండి. గడువుకి ఇరవైనాలుగు గంటల్లోపు వచ్చేసరికి కార్డు మీది తేదీ పసుపు అవుతుంది, దాటితే ఎరుపు, పూర్తయిందని టిక్కు పెడితే ఆకుపచ్చ. ఒక ఉత్తరం రాసి పంపే పనికి ఇరవైనాలుగు గంటలు ధారాళంగా సరిపోతాయి. సంచీడు బిల్లుల పనికి ఆ పసుపు వెలిగేటప్పటికే ఆలస్యం అయిపోయింది. ఒక్కో పనికీ ఒక్కో నిడివి. గడువుకి ఒకరోజు ముందు అన్న ఒకే కొలత అన్నిటికీ పెడితే రంగు చెప్పే మాటకి విలువేముంటుంది?

దీని గురించి నాకు తెలిసినంతలో అన్నిటికన్నా బాగా ఆలోచించినవాళ్లు రైల్వేవాళ్లు. విజయవాడలో పుట్టి పెరిగినవాళ్లకి సిగ్నళ్లు కొత్తకాదు. ఆటోమేటిక్ సిగ్నళ్లున్న దారిలో నాలుగు రకాలు వెలుగుతాయి. ఆకుపచ్చ అంటే దారి ఖాళీ, పోవచ్చు. ఒకదానిపై ఒకటి రెండు పసుపు దీపాలు వెలిగాయంటే, ముందు వచ్చే సిగ్నల్ పసుపులో ఉండొచ్చు, కాస్త చూసుకో అని. ఒకటే పసుపు అంటే తర్వాతది ఎరుపు, అక్కడ ఆగడానికి ఇప్పట్నుంచే సిద్ధపడు అని. ఎరుపు అంటే ఆగు. బండి బరువుగా ఉంటుంది, బ్రేకు వేసినచోట ఆగదు, ఆగడానికి కిలోమీటరు దాకా పడుతుంది. అందుకని ఎరుపు కనిపించాక బ్రేకు వేద్దామంటే కుదరదు. బ్రేకు వేయించేది పసుపు. ఎరుపు చేసేదల్లా బండిని ఎక్కడ ఆపాలో చూపించడం. మన పనులకీ బరువుంది. ఆ బరువుని బట్టి పసుపు ఎంత ముందు వెలగాలో మనం చెప్పుకోవాలి.

మా ఆఫీసు షీటు ఇలాగే తయారైంది. గూగుల్ షీట్స్‌లో వేశాం, ఎక్సెల్‌లోనూ ఇదే పద్ధతి. పార్టీ పేరు, పని, గడువు తేదీ, దాని పక్కన మొదలు అని ఇంకో తేదీ, ఆ పక్కన పూర్తయిన తేదీ. గడువు అందరికీ ఒకటే అయినా మొదలు మాత్రం ఒక్కో పార్టీకి ఒక్కోలా ఉంటుంది. టాలీలో లెక్క ఎప్పటికప్పుడు రాసుకునే కుర్రాళ్లున్న షాపుకి 3బి మొదలు 17 అన్నా పర్వాలేదు. బాబాయ్ గారికి 14. ఇంకో పార్టీ ఉంది, అక్కడ బిల్లులు మూడు గోడౌన్ల నుంచి రావాలి, వాళ్లకి 8 నుంచే ఫోన్లు మొదలు. ఈ తేదీ నిర్ణయించడానికి మనిషి కావాలి. ఏ యాప్‌కీ తెలియదు బాబాయ్ గారు పంతొమ్మిది దాకా లాగుతారని.

ఆ తర్వాతదంతా, షరతుని బట్టి రంగు వేసే కండిషనల్ ఫార్మాటింగ్ అన్నది చూసుకుంటుంది. మొదలు తేదీలోంచి ఇవాళ్టి తేదీ తీసేస్తే ఒక అంకె వస్తుంది కదా. అది ఏడు కన్నా ఎక్కువైతే వరస మొత్తం ఆకుపచ్చ. ఏడులోపు వస్తే లేత పసుపు. మొదలు తేదీ వచ్చేస్తే నారింజ. గడువు రేపే అయినా, ఇవాళైనా, దాటిపోయినా ఎరుపు. రాత్రికి రాత్రి తేదీ మారితే పొద్దున్నకి రంగులు వాటంతటవే మారి ఉంటాయి, మనం ముట్టుకోనక్కర్లేదు. 2007కి ముందు ఎక్సెల్‌లో ఒక గడికి ఇలాంటి షరతులు మూడే పెట్టనిచ్చేవారు. ఇప్పుడా ఇబ్బంది లేదు. అయినా రంగులు మరీ పెంచకండి. ఎదురుగా అట్ట మీద రాసి అంటించుకుంటే తప్ప గుర్తుండనన్ని రంగులు పెట్టారంటే, మళ్లీ చదవడం మొదలైనట్టే.

షరతుల వరస కూడా ముఖ్యం. గూగుల్ షీట్స్ పైనుంచి కిందికి చూసుకుంటూ వచ్చి, ముందు ఏది నిజమైతే ఆ రంగే వేస్తుంది. పూర్తయిన తేదీ గడిలో ఏదైనా ఉంటే బూడిద రంగు అన్న షరతుని అన్నిటికన్నా పైన పెట్టాలి. కింద పెడితే, ఎప్పుడో వేసేసిన రిటర్ను కూడా గడువు దాటిందని ఎర్రగా కనిపించి హడలగొడుతుంది. దాని కిందే ఎరుపు, ఆ కింద నారింజ, తర్వాత పసుపు, ఆకుపచ్చ. ఈ వరస తిరగబడితే గడువు దాటిన పని నారింజలో ఉండిపోతుంది.

ఇక అసలు జాగ్రత్త ఒకటుంది. దాన్ని కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే నష్టం ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. మనం తేదీ రాసే అలవాటు ఎలాంటిది? 20.08.2025 అని మధ్యలో చుక్కలు పెట్టి రాస్తాం. చిన్నప్పట్నుంచీ పలక మీద, పరీక్ష పేపరు మీద అలాగే రాశాం. ఎక్సెల్ చాలాసార్లు దాన్ని తేదీగా గుర్తించదు, మామూలు అక్షరాలు అనుకుంటుంది. అప్పుడు రోజుల లెక్క కుదరదు, రంగు సరిగ్గా పడదు. కనిపెట్టడం తేలికే. గడిలో మీరేమీ సర్దకుండా ఉంటే, అది తేదీగా తీసుకున్నది గడిలో కుడివైపుకి చేరుతుంది, అక్షరాలుగా తీసుకున్నది ఎడమవైపు ఉండిపోతుంది. తేదీల వరసని ఒకసారి పైనుంచి కిందికి చూస్తే ఎడమకి జరిగినవి ఇట్టే దొరుకుతాయి. షీటు సెట్టింగ్స్‌లో దేశం అమెరికా అని ఉండిపోతే ఇంకో తంటా. మీరు 07/11 అని నవంబరు ఏడు రాస్తే అది జూలై పదకొండు అనుకుంటుంది. ఇది మరీ ప్రమాదం. తేదీగానే తీసుకుంటుంది, రంగు కూడా వేస్తుంది, కాకపోతే తప్పు రంగు. ముందు ఆ లొకేల్ అన్నచోట ఇండియా పెట్టుకుని ఆ తర్వాతే ఒక్క తేదీ అయినా రాయండి. తేదీ రాయకుండా గడిని ఖాళీగా వదిలేస్తే దాన్ని సున్నా కింద లెక్కేసి, ఎప్పుడో శతాబ్దం క్రితం గడువు దాటినట్టు ఎర్రగా చూపిస్తుంది. దాని గురించి నాకు బెంగలేదు, ఎర్రగా ఉంది కాబట్టి ఎవరో ఒకరు చూస్తారు. బెంగంతా రంగు పడకుండా తెల్లగా మిగిలిపోయిన వరస గురించే. తెల్లగా ఉంటే ఏముందిలే, తొందరేం లేదు అనుకుంటాం.

ఇంగ్లండులో రైళ్లు నడిచిన తొలి రోజుల్లో ఇదే జరిగింది. అప్పట్లో తెల్ల దీపం అంటే దారి ఖాళీ, పోవచ్చు. ఎరుపు ఆగమనడానికి, ఆకుపచ్చ జాగ్రత్తకి. ఎర్ర దీపం అంటే వేరే ఏమీ కాదు, తెల్ల దీపం ముందు ఎర్ర అద్దం. ఆ అద్దం పగిలి ఊడిపోతే? ఆగమని చెప్పాల్సిన సిగ్నల్ పొమ్మని చెబుతుంది. ఊళ్లో ఎవరింట్లోనో వెలిగే దీపం కూడా దూరం నుంచి డ్రైవరుకి సిగ్నల్‌గా కనిపించే వీలుంది. ఆ తర్వాత మెల్లగా తెలుపుని తీసేసి ఆకుపచ్చని ఖాళీ దారికి ఇచ్చారు. జాగ్రత్తకి పసుపు ఇరవయ్యో శతాబ్దంలో వచ్చింది. రంగు లేకపోవడం అంటే క్షేమం అని ఎక్కడా అర్థం రాకూడదన్నది నాకిక్కడ దొరికిన పాఠం. అందుకే మా షీటులో దూరపు పనికి కూడా రంగుంది. గడువు గడిలో ఉన్నది తేదీ కాకపోతే ఊదా రంగు పడేలా ఇంకో షరతు పెట్టాం, అదీ పైన. తెల్లగా ఏదైనా వరస మిగిలిందంటే అక్కడ మనిషి చూడాల్సిన లోపం ఉందని అర్థం.

ఎరుపు గురించి నాకు చాలా పట్టుదల ఉంది. ఎరుపుని దాచుకోవాలి. మన గోడ క్యాలెండర్లో ఎర్ర అంకె అంటే సెలవు. చిన్నప్పుడు నెల మారగానే పేజీ తిప్పి ఎర్ర అంకెలెన్నో చూసుకునేవాళ్లం. కుంకుమ ఎరుపు, పెళ్లి శుభలేఖ మీద అక్షరాలు ఎరుపు. మన కళ్లకి ఎరుపు ఎప్పుడూ విశేషమైన రోజునే చూపించింది. కంప్యూటర్లోకి వచ్చేసరికి దాన్ని దొరికిన ప్రతిదానికీ పులిమేస్తున్నాం. ముఖ్యమైన పనికి ఎరుపు, పెద్ద పార్టీకి ఎరుపు, కోపిష్టి పార్టీకి ఎరుపు, గడువు దాటినదానికి ఎరుపు. టూడూయిస్ట్ యాప్‌లో మొదటి ప్రాధాన్యం ఇచ్చిన పని ఎర్ర సున్నాతో ఉంటుంది, గడువు దాటిన తేదీ కూడా ఎర్రగానే ఉంటుంది. రెండూ వేరు వేరు సంగతులు. ముఖ్యమైన పని నెలకి ముందే అయిపోవచ్చు. గడువు దాటిన పని చాలా చిన్నది కావచ్చు. ఒక రంగు రెండు మాటలు చెప్పడం మొదలుపెడితే కన్ను రెంటినీ వినడం మానేస్తుంది. అలా ఎర్రగా నిండిపోయిన తెరలు చాలా ఆఫీసుల్లో చూశాను. అక్కడ పనిచేసేవాళ్లకి ఆ ఎరుపు గోడకి వేసిన సున్నంతో సమానం. ముఖ్యమైనదని చెప్పాలంటే వేరే గుర్తులున్నాయి, పేరు ముందు ఒక చుక్క పెట్టుకోండి, లేకపోతే వరసని పైకి జరపండి. రంగుని మాత్రం రోజులకే వదిలెయ్యండి.

మా దగ్గర ఎరుపు వెలిగితే ఆగేది ఆ పని కాదు, మిగతా పనులన్నీ. ఎవరి చేతిలో ఏమున్నా పక్కనపెట్టి దాన్ని ముగించాలి. అందుకే అది అరుదుగా వెలగాలి. ఒకే పొద్దున చాలా వరసలు ఎర్రగా ఉన్నాయంటే షీటుని తప్పుపట్టను, మేం ఒప్పుకున్న పని మా మనుషులకి మించిందని తెలుసుకుంటాను. నిజం చెప్పాలంటే పొద్దున్నే నేను చూసేది ఎరుపుని కాదు, నారింజని. ఎరుపులో ఉన్నదానికి ఇక చెయ్యగలిగింది పరుగు ఒక్కటే. నారింజలో ఉన్నదానికి ఇంకా ఫోన్ చెయ్యొచ్చు, మనిషిని పంపించొచ్చు, ఒకరి పని ఇంకొకరికి మార్చొచ్చు. మా ఆఫీసులో అమ్మాయి ఒకతె పని చేరిన కొత్తలోనే ఈ సంగతి పట్టేసింది. ఎవరూ చెప్పకుండానే పొద్దున రాగానే నారింజ వరసల్ని మాత్రమే వడపోసి, వాటికి వరసగా ఫోన్లు చేసేస్తుంది. గూగుల్ షీట్స్‌లో రంగుని బట్టి వడపోసే సదుపాయం ఉంది, ఆమె చెప్పాకే దాని విలువ నాకు పూర్తిగా తెలిసింది.

రంగుల మాట వచ్చింది కాబట్టి మా పిన్ని కొడుకు గురించి చెప్పాలి. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగానికి రాతపరీక్ష పాసయ్యాడు. వైద్యపరీక్షలో చుక్కల బొమ్మల పుస్తకం ముందు పెట్టి, ఈ చుక్కల్లో ఏ అంకె ఉంది అని అడిగారు. జపాన్‌కి చెందిన ఇషిహారా అనే డాక్టరు 1917లో తెచ్చిన పరీక్ష అది. వాడికి కొన్ని పేజీల్లో అంకే కనిపించలేదు. ఎరుపు, ఆకుపచ్చల తేడా వాడి కంటికి సరిగ్గా అందదని ఆ రోజు దాకా ఇంట్లో ఎవరికీ తెలియదు. బండి నడిపేవాళ్లకి ఈ పరీక్ష ఎందుకంత గట్టిదో మీరూ ఊహించగలరు. 1875లో స్వీడన్‌లోని లాగర్‌లుండా దగ్గర రెండు రైళ్లు గుద్దుకున్నాయి. డ్రైవరుకి సిగ్నల్ రంగు తెలియలేదేమోనని హోల్మ్‌గ్రెన్ అనే శాస్త్రవేత్తకి అనుమానం వచ్చింది. ఆయన రంగురంగుల ఉన్ని దారాలిచ్చి, ఒక రంగువన్నీ ఏరమని రైల్వే ఉద్యోగుల్ని పరీక్షించాడు. అక్కణ్నుంచి ఆ పద్ధతి దేశదేశాలకీ పాకింది.

వాడిప్పుడు లెక్కల పనిలోనే ఉన్నాడు. ఒక ఆదివారం మా షీటు చూపించాను. కాసేపు చూసి, “అక్కా, పైన ఉన్నదీ కింద ఉన్నదీ ఒకటే రంగు కదా?” అన్నాడు. పైన ఉన్నది గడువు దాటింది, కింద ఉన్నది ఇంకా నెల దూరంలో ఉంది. వాడికి రెండూ ఒకే మట్టిరంగు. పసుపు మాత్రం బాగా తెలుస్తోందన్నాడు.

ఐరోపా మూలాలున్న మగవాళ్లలో నూటికి సుమారు ఎనిమిది మందికి ఈ ఇబ్బంది ఉంటుందని లెక్క. మన దగ్గర అంతకన్నా తక్కువే, కానీ లేకపోలేదు. దీనికి సంబంధించిన జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉండడం వల్ల ఆడవాళ్లలో బాగా అరుదు. ఒక మాదిరి పెద్ద ఆఫీసులో ఎవరో ఒకరు ఉండే అవకాశం ఎక్కువే, చాలామంది బయటికి చెప్పరు. కొందరికి తమకి ఉందనే తెలియదు. వెబ్‌కి నియమాలు రాసే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 2008లో తెచ్చిన నియమాల్లో ఒకటి ఏమిటంటే, ఏ సంగతినీ కేవలం రంగుతోనే చెప్పకూడదని. ట్రెల్లోలో ఇలాంటివాళ్ల కోసం లేబుళ్ల మీద గీతలు, చుక్కలు కనిపించే ఏర్పాటు ఉంది. రైల్వేవాళ్లు కూడా ఒక పసుపుకీ ఇంకో పసుపుకీ తేడా చెప్పడానికి దీపాల సంఖ్యని వాడారు.

అప్పట్నుంచి మా షీటులో దూరపు పనికి ఆకుపచ్చ తీసేసి నీలం పెట్టాం. ఎరుపుని బాగా ముదురు చేసి, దాని మీద అక్షరాలు తెలుపు చేశాం. ఆ వరస రంగుతోనే కాదు, చీకటితోనూ తెలుస్తుంది. అన్నిటికన్నా మేలు చేసింది మాత్రం ఒక చిన్న గడి. పేరు పక్కనే ఇంకా 6 రోజులు, ఇవాళే, 2 రోజులు దాటింది అని మాటల్లో చూపించేలా పెట్టాం. మా తమ్ముడి కోసం పెట్టింది అందరికీ పనికొచ్చింది. షీటుని నలుపు తెలుపులో ప్రింటు తీసి గోడకి అంటించే పార్టీలున్నారు, వాళ్లకి ఆ గడే దిక్కు.

యాప్‌లు వాడేవాళ్లకి ఇంకో చిన్న మాట. గూగుల్ క్యాలెండర్ని ఇంకొకరితో పంచుకుంటే, ఆ క్యాలెండర్‌కి మీరు ఎంచుకున్న రంగు మీకే కనిపిస్తుంది. అవతలివాళ్ల ఫోన్‌లో వాళ్ల రంగు వాళ్లది. “ఆ ఎర్రది చూశావా?” అని భర్తని అడిగితే ఆయన ఫోన్‌లో అది నీలంగా ఉండొచ్చు. నలుగురూ కలిసి చూసే పనికి షీటు నయం అనడానికి ఇదొక కారణం.

చివరిగా గడువు పొడిగింపుల సంగతి. పన్నుల పనిలో ఉన్నవాళ్లకి ఇది బాగా తెలుసు. గడువుకి రెండు రోజుల ముందో, ఒక్కోసారి ఆ రోజు సాయంత్రమో కొత్త తేదీతో నోటిఫికేషన్ వస్తుంది. ఫోన్లు మోగుతాయి. అందరూ ఊపిరి పీల్చుకుంటారు. షీటులో గడువు గడి మార్చెయ్యగానే ఎరుపు అంతా ఒక్కసారిగా దిగిపోతుంది. సరే, మార్చండి. మొదలు తేదీ ఉన్న గడిని మాత్రం ముట్టుకోకండి. ప్రభుత్వం పొడిగించింది రిటర్ను వేసే రోజుని. బిల్లులు సరిచూసే పని ఎంత ఉందో అంతే ఉంది, బాబాయ్ గారి సంచీ ఇంకా దుకాణంలోనే ఉంది. ఆ గడి మారకపోతే వరస నారింజలోనే ఉంటుంది, మా అమ్మాయి పొద్దున్నే ఆయనకి ఫోన్ చేస్తుంది. “పొడిగించారుగా అమ్మా!” అంటారాయన. “అవునండీ, అందుకే మీ బిల్లులు ఇవాళే పంపించండి, తీరిగ్గా చూస్తాం” అంటుంది. పోయినసారి అలా అడిగితే మధ్యాహ్నానికల్లా పంపించేశారు.